బావి గట్టు మీద లాంతరు, చింతచెట్టు కింద తెల్లచీర: దెయ్యం డయోరమాకు రంగులు, వెలుగు ఎలా?

భయపెట్టాల్సిన డయోరమా, అంటే చిన్న బొమ్మలతో కట్టిన సీను, నవ్వు తెప్పిస్తోందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వెలుగు ఎక్కువై ఉంటుంది. పుర్రెల కళ్లలో ఎర్రలైటు, కింద పచ్చలైటు, పైన నీలం లైటు, మీద నాలుగు చుక్కల రక్తం. అన్నీ కనిపించేశాక చూసేవాళ్లు ఊహించుకోవడానికి ఏం మిగులుతుంది? ఇక్కడ చెప్పే సీనులో నిజంగా వెలిగే దీపం ఒక్కటే. వెన్నెల ఉంటుంది కానీ అది రంగుతో వేసేది.

సీను ఇదీ. పాడుబడ్డ గిలక బావి. గట్టు మీద వెలుగుతున్న లాంతరు, కింద ఎవరో విడిచిన చెప్పులు. వెనకాల చింతచెట్టు, దాని కింద మనకు వీపు పెట్టి నిలబడ్డ తెల్లచీర ఆకారం. బావి నుంచి చెట్టు దాకా తడి అడుగులు ఉంటాయి. వాటి వేళ్లు మాత్రం బావి వైపే తిరిగి ఉంటాయి. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మనవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. మొదటి చూపుకి ఎవరో బావిలోకి దిగారనిపిస్తుంది. కాసేపటికి గానీ ఆ వీపు కింద కాలివేళ్లు మనవైపు ఉన్నాయని కంటపడదు. పైగా ముఖానికి రంగు వేసే బాధ తప్పుతుంది. ఈ సైజులో ముఖం 6 మి.మీ. మించదు, కొత్తవాళ్లు చెడగొట్టేది కూడా అక్కడే.

కొలతలు

స్కేలు 1:35 అనుకుందాం. అసలు కొలతను 35తో భాగిస్తే సరి. 165 సెం.మీ. మనిషి 47 మి.మీ. అవుతాడు. రెండు మీటర్ల వెడల్పు బావి లోపలి కొలత 57 మి.మీ., 80 సెం.మీ. గట్టు 23 మి.మీ., గట్టు మందం 9 మి.మీ. ఇటుక 6.5 × 3 × 2 మి.మీ., పాదం 7 మి.మీ., లాంతరు 9 మి.మీ. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. కంటి అంచనాతో చేస్తే చెప్పులు పడవలంత అవుతాయి.

అడుగున 20 × 15 సెం.మీ. చెక్క పలక. బావి ముందువైపు ఎడమ మూలకి, చెట్టు వెనక కుడి మూలకి. లాంతరు గట్టు మీద చెట్టు వైపున ఉండాలి, అక్కడి నుంచి దెయ్యానికి 8 సెం.మీ. దూరం. ఈ 8 ఎందుకో లాంతరు వెలుగు దగ్గర తెలుస్తుంది.

బావి, నేల, చెట్టు

నేలకి 30 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ (పూసలు లేని, దట్టమైన ఫోమ్ పలక) వాడండి. మామూలు థర్మోకోల్ కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది, దాని మీద ఇటుకల గీతలు నిలవవు. బావి గట్టు కూడా అదే ఫోమ్‌తో. బయట 75, లోపల 57 మి.మీ. ఉండే రింగు కోసి, రాయని బాల్‌పెన్నుతో ఇటుకల వరసలు నొక్కండి. పాత బావి కాబట్టి నాలుగైదు ఇటుకలు ఊడగొట్టి పక్కన పడేయండి. లాంతరు వచ్చే చోట గట్టు పైనుంచి పలక అడుగు దాకా 1.5 మి.మీ. రంధ్రం ఇప్పుడే పెట్టాలి. రంగులయ్యాక పెడితే ఫోమ్ పొడి అంతా తడి రంగుకి అంటుకుంటుంది.

స్ప్రే డబ్బాని నేరుగా ఫోమ్ మీద కొట్టకండి. అందులోని సాల్వెంట్ ఫోమ్‌ని కరిగించి గుంటలు చేస్తుంది. సూపర్ గ్లూ కూడా అదే పని చేస్తుంది. ముందు ఫెవికోల్, నల్ల అక్రిలిక్ సమపాళ్లలో కలిపి మూల మూలకీ రెండు కోట్లు బ్రష్‌తో వేసి, రాత్రంతా ఆరనివ్వండి.

మట్టి మన పెరటిదే చాలు. టీ వడపోసే జల్లెడతో పట్టి, పాత మూకుడులో పది నిమిషాలు వేయించండి. లేదంటే అందులోని పురుగుల గుడ్లు, బూజు నెల తిరక్కుండా మీ డయోరమాలో కాపురం పెడతాయి. మట్టి చల్లాక దాన్ని అంటించే జిగురు నీళ్లు: ఒక వంతు ఫెవికోల్‌కి మూడు వంతులు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. ఆ చుక్క లేకపోతే జిగురు నీళ్లు మట్టిలోకి ఇంకవు, పైనే ముత్యాల్లా దొర్లుతాయి.

చెట్టుకి కరెంటు వైరులోని సన్నని రాగి తీగలు ఓ ముప్ఫై తీసుకుని కాండంగా మెలేయండి. పైకి పోయేకొద్దీ పదికి, అయిదుకి, రెండుకి చీలుస్తూ కొమ్మలు చేయాలి. కాండానికి ఎం-సీల్ పట్టించి, మెత్తగా ఉండగానే సూదితో నిలువు గీతలు లాగితే బెరడు వస్తుంది. చింతచెట్టు కాండం పొట్టిగా, మొద్దుగా ఉంటుంది, కొమ్మలు పక్కలకి విస్తరిస్తాయి. సన్నగా నిటారుగా చేస్తే అది ఏ చెట్టయినా అవుతుంది, చింత మాత్రం కాదు. రాలిన ఆకులకు వాడని టీ పొడి నలిపి చల్లండి. వాడిన పొడిలో తేమ ఉంటే బూజు ఖాయం.

బావిలో నీళ్లకి రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) 4 మి.మీ. మించొద్దు. ఒకేసారి మందంగా పోస్తే అది గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ఫోమ్ కుంగుతుంది. గట్టు పై అంచు నుంచి 40 మి.మీ. కింద ఒక అట్ట పెట్టి, నలుపులో కాస్త ముదురు ఆకుపచ్చ కలిపి వేసి, అంచులన్నీ ఫెవికోల్‌తో మూసి, 2 మి.మీ. చొప్పున రెండుసార్లు పోయండి. సూదిమొనంత సందు ఉన్నా తెల్లారేసరికి రెజిన్ బల్ల మీద ఉంటుంది. పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలాగే తూచండి, చేతికి గ్లౌజులు వేసుకోండి. అయితే ఈ రెజిన్ పని రంగులన్నీ అయ్యాక, చిట్టచివర.

లాంతరు

3 మి.మీ. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ ఇక్కడ చిమ్నీగానే పనికొస్తుంది. కానీ దాని గుండ్రటి తల భూతద్దంలా పనిచేసి వెలుగంతా పైకే కొడుతుంది. చెట్టుకొమ్మలు వెలిగి నేల చీకటిగా ఉండిపోతుంది. తలని 400 నంబరు ఎమరీ కాగితం మీద రుద్ది బల్లపరుపు చేయండి, పక్కలు కూడా గరుకుగా రుద్దండి. అప్పుడు వెలుగు అన్ని వైపులా పరుచుకుంటుంది. పైన చిన్న మూతలా ఎం-సీల్ పెట్టి, దాని అడుగుభాగం వెండిరంగు వేస్తే పైకి పోయే కాస్త వెలుగూ కిందికి మళ్లుతుంది. బుడ్డి ఎం-సీల్‌తో, పక్క కడ్డీలు, చేతిపిడి రాగి తీగతో. ఎల్‌ఈడీకి సూపర్ గ్లూ తగలనివ్వకండి, దాని ఆవిరికి గాజులాంటి భాగం మీద తెల్లటి పొర కడుతుంది.

వార్మ్ వైట్ అని అమ్మే ఎల్‌ఈడీ రంగు దాదాపు 2700 నుంచి 3000 కెల్విన్ (అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రన). కిరసనాయిలు దీపం అంతకంటే చాలా ఎర్రన, 1900 దరిదాపుల్లో ఉంటుంది. అందుకే ఎల్‌ఈడీ మీద తమియా కంపెనీ క్లియర్ ఆరెంజ్, అంటే ఎక్స్-26, పలచగా ఒక కోటు వేయండి. రెండు కోట్లు వేస్తే లాంతరు కాస్తా ఆటో వెనక లైటవుతుంది.

వైరింగు పెద్ద విద్య కాదు. మోటారు వైండింగ్ షాపులో 36 గేజి తీగ రెండు మూరలు అడగండి. 0.19 మి.మీ. మందం, రెండు పోగులూ రంధ్రంలో సులువుగా దూరతాయి. దాని మీద ఎనామిల్ ఉంటుంది, చివర్లు బ్లేడుతో గీరకపోతే టంకం అంటదు. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్. కాళ్లు కత్తిరించాక ఏది పొడుగో తెలియదు కాబట్టి, కత్తిరించే ముందే ప్లస్ తీగ రెండు చివర్లకీ గోళ్లరంగు పెట్టండి. టంకం వేసేటప్పుడు రెండు మూడు సెకన్లు దాటితే ఎల్‌ఈడీ చచ్చిపోతుంది.

కరెంటుకి పాత ఫోన్ ఛార్జర్ చాలు, 5 వోల్టులు వస్తాయి. ఎల్‌ఈడీ దాదాపు 3 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 2 వోల్టులకి 4 మిల్లీఆంపియర్లు చొప్పున లెక్కేస్తే 500 ఓముల రెసిస్టర్ కావాలి, బజారులో దొరికేది 470. దాని మీద పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలుంటాయి. దానితో పాటు 1 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్ కూడా తెచ్చుకుని, గది చీకటి చేసి మూడూ పెట్టి చూడండి. చాలాసార్లు 2.2 పెట్టిందే లాంతరులా ఉంటుంది. రెసిస్టర్ లేకుండా నేరుగా కలిపితే ఒక్క మెరుపు మెరిసి పోతుంది. పవర్ బ్యాంకుతో నడపాలనుకుంటే ఒక చిక్కుంది. ఇంత తక్కువ కరెంటు లాగితే ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి.

దీపావళికి అమ్మే ప్లాస్టిక్ ఎలక్ట్రిక్ దీపాల్లో రెపరెపలాడే ఎల్‌ఈడీ ఉంటుంది. దాన్ని పీకి వాడుకోవచ్చు. అయితే ఇంత చిన్న బొమ్మలో ఆ రెపరెప బొమ్మల కొలువు సీరియల్ సెట్టును గుర్తుచేస్తుంది. కదలని వెలుగే ఎక్కువ భయం.

పలక అడుగున 5 సెం.మీ. తీగ అదనంగా చుట్టి వదలండి. ఏడాదికో రెండేళ్లకో ఎల్‌ఈడీ మార్చాల్సి వస్తే లాంతరుని పైకి లాగడానికి అదే ఆధారం.

రంగు డబ్బా తెరవకముందు

అంతా నల్ల ప్రైమర్‌తో, అంటే రంగుల కింద వేసే తొలి కోటుతో, ఆరి ఉంది. ఇప్పుడు ఎల్‌ఈడీని 470తో గట్టిగా వెలిగించి, గది చీకటి చేసి, ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తర్వాత ఎల్‌ఈడీ ఆపి, వెన్నెల వచ్చే దిక్కు నుంచి, అంటే కుడివైపు పైనుంచి, ఒక టార్చి పట్టి మళ్లీ తీయండి. నలుపు మీద సరిగా తెలియకపోతే ముందు బూడిదరంగు పలచగా కొట్టుకోండి. ఏ అంచు మీద వెలుగు పడుతుందో, ఏది నీడలో ఉంటుందో ఆ ఫొటోలే చెబుతాయి. వెలుగు ఇలా పడుతుందేమో అని ఊహించి వేసిన రంగులు తొంభై పాళ్లు తప్పే. పలక అంచుకి వెన్నెల దిక్కు చూపిస్తూ ఒక టూత్‌పిక్ గుచ్చి ఉంచండి. మూడో రోజుకి చంద్రుడు ఎటున్నాడో మర్చిపోతారు.

ఆ ఫొటోలో ఒక వింత కనిపిస్తుంది. బావి గోడ పక్కనే నేల వెలగదు. లెక్క చూడండి. మంట గట్టు కంటే 4 మి.మీ. ఎత్తున ఉంది, గట్టు బయటి అంచు దానికి 4.5 మి.మీ. దూరం. ఆ అంచుని రాసుకుంటూ దిగిన వెలుగు 23 మి.మీ. కిందనున్న నేలని తాకేసరికి గోడ నుంచి 26 మి.మీ. అవతలికి పోతుంది. అంటే లాంతరు ఉన్న వైపున కూడా బావిని ఆనుకుని రెండున్నర సెంటీమీటర్ల నల్లటి వలయం. చాలా డయోరమాల్లో దీపం కిందే నేల భగ్గున వెలుగుతుంటుంది. కారణం తెలియకపోయినా ఎక్కడో తేడా కొడుతోందని కన్ను పట్టేస్తుంది. చెప్పులు ఈ చీకటి వలయంలోనే పెట్టండి, వెతికినవాళ్లకే దొరుకుతాయి.

వెన్నెల

నిజానికి వెన్నెల నీలం కాదు, అది సూర్యకాంతే. చీకట్లో మన కంటికి ఎరుపు త్వరగా మాసిపోయి నీలం, ఆకుపచ్చ ఎక్కువగా అందుతాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించిన సంగతి ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. బ్రష్ పట్టినవాళ్లకి దీని అర్థం: వెన్నెల పడేచోట ఇటుక ఎర్రగా ఉండకూడదు. దాదాపు నలుపు. ఎర్రమట్టి కూడా నల్లమట్టే. ఎరుపు, నారింజ అన్నీ లాంతరు కోసం దాచుకోవాలి.

మొదటి కోటు: నలుపు మూడు చుక్కలు, అల్ట్రామెరీన్ బ్లూ ఒకటి, బర్న్ట్ అంబర్ ఒకటి. ఒట్టి నలుపు వేస్తే బొమ్మలో రంధ్రం పడ్డట్టు ఉంటుంది. ట్యూబు అక్రిలిక్ అయితే ఒక వంతుకి రెండు వంతులు నీళ్లు కలిపి రెండు కోట్లు. తర్వాత అదే మిశ్రమంలో బూడిదరంగు, చిటికెడు ప్రష్యన్ బ్లూ కలిపి, బ్రష్‌ని కాగితం మీద తుడిచి తుడిచి దాదాపు పొడిగా అయ్యాక, టూత్‌పిక్ చూపించే దిక్కు నుంచి మాత్రమే రుద్దండి. అన్ని వైపులా రుద్దితే వెన్నెల కాదు, దుమ్ము పట్టినట్టు ఉంటుంది. చివరి మెరుపులు కొమ్మల పై అంచులకి, గిలకకి, గట్టు కుడి అంచుకి. తెలుపు వాడొద్దు. బూడిద కలిసిన లేత నీలమే హద్దు. లాంతరు కంటే ప్రకాశమైనది ఈ పలక మీద ఇంకేదీ ఉండకూడదు.

లాంతరు వెలుగు

వెలుగు దూరానికి వర్గంలో తగ్గుతుంది. 2 సెం.మీ. దగ్గర ఉన్నది 4 సెం.మీ. దగ్గర నాలుగో వంతు, 8 దగ్గర పదహారో వంతు. దెయ్యాన్ని 8 దగ్గర నిలబెట్టింది అందుకే. నల్ల నేల మీద ఆ పదహారో వంతు కనిపించదు, తెల్లచీర మీద మాత్రం కనిపిస్తుంది. చుట్టూ నేల చీకటి, నడుమ చీర ఒక్కటే తేలినట్టు ఉంటుంది.

ఇక అందరూ బోల్తా పడే చోటు. ఎండిన నీలం కోటు మీద నారింజ గ్లేజు, అంటే కిందిది కనిపించేంత పలచని రంగు పొర, వేస్తారు. నీలం, నారింజ ఒకదాన్నొకటి చంపుకునే రంగులు. వచ్చేది వెలుగు కాదు, బురద. ఇంకో కోటు వేస్తే ఇంకాస్త బురద. కాబట్టి వెలుగు పడే భాగాలకి ముందు నీలాన్ని మూసేయాలి. టైటానియం వైట్‌లో కొంచెం యెల్లో ఓకర్ కలిపిన మీగడరంగు తీసుకోండి. గట్టు పైభాగం, గిలక స్తంభాల లోపలి ముఖాలు, చేంతాడు, చేద పక్క, వీటి మీద లాంతరుకి ఎదురుగా ఉన్న వైపు మాత్రమే. దగ్గరగా చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా. ఈ దశలో బొమ్మ సున్నం చిమ్మినట్టు అసహ్యంగా ఉంటుంది. కంగారుపడి కడిగేయకండి.

అది ఆరాక గ్లేజులు. ఒక చుక్క రంగుకి ఎనిమిది చుక్కల గ్లేజ్ మీడియం. ఒట్టి నీళ్లే పోస్తే రంగు విరిగి అంచుల్లో చారలు కడుతుంది. బ్రష్‌ని కాగితానికి ఒకసారి తాకించి, వెలుగు దిశలోనే లాగండి. వరస ఇది: మొదట వెలుగు వలయం మొత్తానికీ బర్న్ట్ సియెనా, 4 సెం.మీ. లోపల నారింజ, 2 లోపల యెల్లో ఓకర్, లాంతరు పక్కనే 5 మి.మీ. మేర లేత పసుపు. ఒక్కోటి రెండు మూడు కోట్లు, కోటుకీ కోటుకీ పది నిమిషాలు ఆరాలి. సగం ఆరినదాని మీద బ్రష్ పెడితే కింది పొర లేచొచ్చి తెల్లటి మచ్చ కనిపిస్తుంది.

బావి లోపల, లాంతరు ఉన్న వైపు గోడ మొత్తం చీకటి. ఎదుటి గోడ మాత్రం నీళ్ల దాకా వెలుగు అందుకుంటుంది, కానీ 6 సెం.మీ. దూరం కాబట్టి సియెనా పలచని కోటు ఒక్కటే. కిందికి దిగేకొద్దీ అదీ మాయమైపోవాలి.

ఎల్‌ఈడీ నిజంగా వెలుగుతున్నప్పుడు ఈ రంగులన్నీ ఎందుకని అడగొచ్చు. పగలు గదిలో ఆ కాస్త వెలుగు ఎవరికీ కనిపించదు, రంగే వెలుగుగా నిలుస్తుంది. కానీ రంగూ ఎల్‌ఈడీ రెండూ కలిస్తే రాత్రి రెట్టింపవుతుంది. అందుకని ఫొటోలో కనిపించిన దాంట్లో సగం బలానికే ఆపాలి. ప్రతి రెండు కోట్లకీ లైటు వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి.

తెల్లచీర

1:35లో దొరికే బొమ్మలు ఎక్కువగా సైనికులే. ఒకదాన్ని తీసుకుని కాళ్లు చీలమండ దగ్గర కోసి, పాదాలు వెనక్కి తిప్పి అతికించండి. చీరకి టిష్యూ పేపరు ఒక పొర విడదీసి, సగం నీళ్లు కలిపిన ఫెవికోల్‌లో ముంచి, సూదితో మడతలు సర్దండి. తడి చీర కదా, ఒంటికి అంటుకుని బరువుగా వేలాడాలి. గాలికి ఎగిరే కొంగు పెట్టొద్దు. జుట్టు మోకాళ్ల దాకా, ఎం-సీల్‌తో పాయలు పాయలుగా.

చీరకి మొదటి కోటు తెలుపు కాదు, నీలం కలిసిన ముదురు బూడిద. కుడి భుజం, తల పైభాగం, కుడి మడతల అంచులు వెన్నెలవి, లేత నీలం. ఎడమ వైపు వీపు, మడతల ఎడమ ముఖాలు లాంతరువి. అక్కడ మీగడరంగు పలచగా, దాని మీద సియెనా రెండు కోట్లు, అంతకు మించి వద్దు. ఈ రెండు వెలుగుల మధ్య ఒక చీకటి గీత మిగలాలి, 1 మి.మీ. ఉన్నా చాలు. నీలం, నారింజ ఒకదానికొకటి తగిలితే బొమ్మ గుండ్రదనం పోయి అట్టముక్కలా కనిపిస్తుంది. జుట్టు మీద రెండే రెండు సన్నని గోధుమ గీతలు. కాలివేళ్ల చివర మాత్రం కాస్త ఉదారంగా ఉండండి, ఒక్కో వేలికి మీగడరంగు చుక్క. చూసేవాళ్లు ఆగాల్సింది అక్కడే.

తడి అడుగులు

ముందు మొత్తానికీ మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్. స్ప్రే అయితే ముసురు పట్టిన రోజు కొట్టకండి. గాలిలో తేమకి తెల్లటి మంచులా పొర కడుతుంది, చీకటి సీను మీద అది దాగదు. అది పూర్తిగా ఆరాకే గ్లాస్ (తడిలా మెరిసే) వార్నిష్. వరస తిరగేస్తే తడి అంతా మ్యాట్ కింద చచ్చిపోతుంది.

అడుగు 7 మి.మీ. ముందు మట్టి మీద ముదురు గోధుమ గ్లేజుతో అడుగు ఆకారం వేయండి, తడిసిన మట్టి మెరవడమే కాదు, రంగు కూడా ముదురుతుంది. దాని మీద గ్లాస్. వేళ్లు బావి వైపు. అడుగుకీ అడుగుకీ 16 మి.మీ. బావి దగ్గర మూడు అడుగులకి గ్లాస్ మూడు కోట్లు, పక్కన రెండు నీటిచుక్కలు. చెట్టు దగ్గరకొచ్చేసరికి ఒక్క కోటు, మడమ భాగం లేకుండా. చివరి అడుగు ఆకారం పాదాల కింద కలిసిపోవాలి. గట్టు మీద కూడా లాంతరు పక్కన ఒక అరచేయి గుర్తు గ్లాస్‌తో వేయొచ్చు, 5 మి.మీ. దాటకుండా. రంగు అక్కర్లేదు, లైటు వేసినప్పుడు మాత్రమే మెరుస్తుంది. రెజిన్ పోసేది దీని తర్వాతే.

ఫొటోకి వెనకాల నల్ల గుడ్డ, ఫోను దేనికైనా ఆనించి, తెర మీద లాంతరుని తాకి వెలుగు కిందికి లాగండి. ఆటోలో వదిలేస్తే ఫోను చీకటిని తెలుపు చేసేసి మీ శ్రమంతా పగటి సీనుగా మారుస్తుంది. ఇంట్లో పెట్టేటప్పుడు లోపల నల్లరంగు వేసిన పెట్టెలో, ఒకవైపే తెరిచి, కంటి ఎత్తున ఉంచండి. పైనుంచి చూస్తే కాలివేళ్లు కనిపించవు.